మొదటి ఆదివారం రొట్టె

వచ్చే ఏడాది పాస్టరు చదువుకి వెళ్ళే పిల్లల కోసం నాలుగు మాటలు రాసివ్వమని మా కొత్త పాస్టరు సునీల్ అడిగేడు. "ఆశీర్వాదకరమైన సంగతులు రాయండి అయ్యగారూ. ఆ ఒక్క సంగతి మాత్రం వద్దులెండి, పిల్లలు భయపడతారు" అన్నాడు. మంచి కుర్రాడు, నా పరువు కాపాడదామని చూస్తున్నాడు. కానీ బాబూ, పిల్లలు భయపడాలనే ఇది రాస్తున్నాను.

ముప్ఫై నాలుగేళ్ళు ఈ పని చేసేను. రాజోలు దగ్గర మొదలెట్టేను, కొత్తపేట వైపు కొన్నాళ్ళు ఉన్నాను, చివరి పదమూడేళ్ళు అమలాపురం దగ్గర కాలవ గట్టు మీదున్న ఈ పేటలో గడిపేను. ఎన్ని చర్చిలు కట్టించేను, ఏ మీటింగుకి ఏ దొరగారొచ్చేరు, ఇవన్నీ గోడల రాళ్ళ మీద చెక్కించే ఉన్నాయి. కావాలంటే వెళ్ళి చదువుకోండి. రాళ్ళ మీద లేనిది ఒకటుంది. అదే చెప్తాను.

రానివాళ్ళ ఇళ్ళు

ఆరాధన తొమ్మిదిన్నరకి అని బోర్డు మీద రాసుంటుంది. తొమ్మిదింటికి మొదటి గంట కొడతాం, తొమ్మిదిన్నరకి రెండో గంట. జనం వచ్చేది పదింటికి. కీర్తన మూడో చరణంలో ఉండగా ఆడవాళ్ళు ముసుగులు సర్దుకుంటా వచ్చి చాపల మీద చేరతారు. మగవాళ్ళు బైట బళ్ళ దగ్గర మొదలెట్టిన కబురేదో ముగించుకుని తీరుబడిగా వస్తారు. కొత్తలో నాకు ఒళ్ళు మండిపోయేది. తర్వాత తెలిసింది, ఆ వచ్చినవాళ్ళలో సగం మంది తెల్లవార్లూ రొయ్యల చెరువుల మీద కాపలా కాసి, ఇంటికెళ్ళి నాలుగు చెంబులు పోసుకుని పరిగెత్తుకొచ్చినవాళ్ళని. అప్పట్నించి గడియారం చూడ్డం మానేసేను.

నేను ఈ పని నేర్చుకున్నది ఏసుపాదం అయ్యగారి దగ్గర. రాజోలు వైపు పేరున్న పాస్టరు, నన్ను ఆయన కింద సహాయకుడిగా వేసేరు. మొదటి ప్రసంగం యాభై నిమిషాలు దంచేను. నాకైతే దేవదూతలు దిగొచ్చినట్టే అనిపించింది. ఆరాధన అయ్యేక ఆయన సైకిలు నడిపించుకుంటా నా పక్కన వచ్చి, "ఏరా, ఇవాళ ఎవరు రాలేదు?" అన్నారు.

"చూళ్ళేదండి."

"మరి గంటసేపు ఎటు చూసేవురా? సీలింగు కేసా?"



"వచ్చినోళ్ళకి నువ్వు పెద్దగా అక్కర్లేదు. రానోళ్ళెవరో లెక్కేసుకో. సోమవారం పొద్దున్నే వాళ్ళింటికెళ్ళు. వెళ్ళి ఎందుకు రాలేదని అడక్కు, టీ తాగి వచ్చెయ్."

నా ఉద్యోగం మొత్తంలో ఇంతకంటే పనికొచ్చే మాట ఇంకెవరూ చెప్పలేదు. ముప్ఫై నాలుగేళ్ళు సోమవారాలన్నీ రానివాళ్ళ ఇళ్ళకే తిరిగేను. మొగుడు కొట్టిన దెబ్బలు కనపడతాయని రానావిడ, కువైట్ నుంచి కూతురు ఫోను చెయ్యడం మానేసిందని మంచం ఎక్కిన తల్లి, తాగి తాగి మొహం చెల్లక రానివాడు, అందరి ఇళ్ళలోనూ టీ తాగేను. ఈ విషయంలో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఇప్పుడు లేదు. రానివాళ్ళని చూసి చూసి, వచ్చినవాళ్ళలో ఒక మనిషిని తొమ్మిదేళ్ళు చూడకుండా వదిలేసేను.

పెద్దలు

మాది ప్రెస్బిటేరియన్ పద్ధతి. మాకు బిషప్పు ఉండడు. సంఘం ఎన్నుకున్న పెద్దలూ పాస్టరూ కలిసి కూర్చుని అన్నీ తేలుస్తారు. అలా కూర్చోడాన్ని సెషన్ అంటాం. పాస్టరు ఒక్కడే ఏదీ తేల్చడానికి లేదు. ఒక్క మనిషి చేతిలో పెత్తనం ఉండకూడదని పెట్టిన పద్ధతి ఇది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మంచి పద్ధతే. కానీ అందరూ కలిసి చేసిన తప్పు ఏ ఒక్కడికీ తనదిగా అనిపించదు. సెషన్ చేసిందంటాం, చేతులు కడిగేసుకుంటాం.

ఈ పేటలో పెద్దలందరికీ పెద్ద జీవరత్నం మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యేరు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు, కట్టిన పంచె సాయంత్రమైనా నలిగేది కాదు. 'అయ్యగారూ' అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడుతూనే చెవి మెలిపెట్టేవారు. ఒకసారి ఒక కుర్రాడి పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదవాల్సింది రెండు ఆదివారాలే చదివి పెళ్ళి చేసేద్దామనుకున్నాను. ఆయన నా గదిలోకొచ్చి, నిలబడే, "రెండూ మూడూ ఒకటేనాండీ అయ్యగారూ?" అన్నారు. అంతే. పెళ్ళి వారం రోజులు వెనక్కి వెళ్ళింది.

ఆయన చెడ్డమనిషి కాదు. ఎవరింట్లో జొరమొచ్చినా మొదట గుమ్మంలో ఉండేది ఆయనే. మా పద్ధతిలో ఒక్కో పెద్దకి కొన్ని ఇళ్ళు అప్పజెప్తాం. ఆ ఇళ్ళ కష్టసుఖాలు వాళ్ళే చూడాలి, మాకు వచ్చి చెప్పాలి. మాస్టారు తన ఇళ్ళని తన తరగతి గదిలాగే చూసుకునేవారు. ఆయనంటే నాకు భయం. అప్పట్లో మాత్రం అది భయం కాదు, గౌరవం అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

పళ్ళెం

నెలలో మొదటి ఆదివారం సంస్కారం. యేసు ప్రభువు చివరి విందు గుర్తుగా చేస్తాం, ప్రభువు బల్ల అంటాం. కొన్ని సంఘాల్లో జనమే ముందుకొచ్చి తీసుకుంటారు. మా దగ్గర అలా కాదు. పెద్దలు రొట్టె ముక్కల పళ్ళెం పట్టుకుని వరస మొదట్లో కూర్చున్న మనిషికి ఇస్తారు. ఆ మనిషి ఒక ముక్క తీసుకుని, పక్క మనిషికి పళ్ళెం అందిస్తారు. అలా చేతులు మారుతూ వరస చివరిదాకా వెళ్తుంది. ఆ వెనకే చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం. ఆ రోజు ఆడవాళ్ళు తెల్ల చీరలు కట్టుకొస్తారు. ఉన్నవి మూడే చీరలైనా అందులో ఒకటి తెల్లది, దీనికోసమే దాచుకుంటారు.

మా తాతల నాడు ఈ ఊళ్ళో మా వాళ్ళు గ్లాసు ముట్టుకుంటే దాన్ని పారేసేవారు. పెళ్ళిళ్ళలో పందిరి బైట, చివరాఖరికి, విస్తళ్ళు పట్టుకుని నిలబడేవారు. ఒకే పళ్ళెంలోంచి అందరూ తీసుకునే చోటు ఒకటుందని తెలిసి వచ్చేరు వాళ్ళు. ప్రసంగాలు విని రాలేదు. అది మర్చిపోయి, పంక్తిలోంచి మనుషుల్ని లేపడం మేమూ నేర్చుకున్నాం.

ఆ రొట్టె చేసేది సువార్తమ్మ. ఊరి బళ్ళో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతుంది. మొగుడు కొబ్బరిచెట్టు మీంచి పడిపోయి పోయేడు. ఉన్నది ఒక్కతే కూతురు, కృప. సంస్కారం ముందు శనివారం మధ్యాహ్నం ఆవిడ తలంటుకుని, గోధుమపిండి తడిపి, పులవనివ్వకుండా వెంటనే మందంగా ఒత్తి, పెనం మీద చిన్న సెగన కాలుస్తుంది. చల్లారేక చిన్న చిన్న ముక్కలు కోసి, ఉతికిన తెల్ల గుడ్డలో చుట్టి, సాయంత్రానికి మా ఇంటికి తెచ్చిస్తుంది. నేనొచ్చేసరికే ఆవిడ ఆ పని చాలా ఏళ్ళుగా చేస్తోంది. ఎవరూ అప్పజెప్పలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. అసలు ఆ రొట్టె ఎక్కణ్ణించి వస్తుందో సంఘంలో సగం మందికి తెలీదు.

తీర్మానం

కృప అమలాపురంలో డిగ్రీ చదువుతూ బండారులంక కుర్రాణ్ణి ఇష్టపడింది. నేతపని చేసుకునే కుటుంబం, హిందువులు. వాళ్ళు గొడవ పడలేదు, పిల్ల బాగుంది, చేసుకుంటామన్నారు. పెళ్ళి వాళ్ళ ఇంటి ముందే, వాళ్ళ పద్ధతిలో జరిగింది. సువార్తమ్మ వెళ్ళింది. పీటల దగ్గర కూర్చుంది, అక్షింతలు వేసింది. మొగుడు పోయిన మనిషని వెనకాడకుండా వియ్యపురాలు బొట్టు పెట్టింది, పెట్టించుకుంది. ఆ ఫోటో ఎవడో ఫోన్లో పెట్టేడు. మూడో రోజుకల్లా పేటంతా చూసింది.

సెషన్ కూర్చున్నాం. మాస్టారు ఫోను బల్ల మీద పెట్టేరు. సువార్తమ్మ ఎదురుగా నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు.

"ఇది నువ్వేనామ్మా?" అన్నారు మాస్టారు.

"ఆయ్, నేనేనండి."

"బొట్టు పెట్టుకున్నావు."

"ఆవిడ పెట్టిందండి. పెళ్ళిపందిట్లో వియ్యపురాలు బొట్టు పెడతంటే చెయ్యి అడ్డం పెట్టమంటారేంటండి? రేపు నా పిల్ల ఆ ఇంట్లో బతకాలి కదండి."

"తప్పని ఒప్పుకుని, సంఘం ముందు ఆ మాట చెప్తే సరిపోద్దమ్మా."

ఆవిడ నాకేసి చూసింది. నేను నా పెన్ను కేసి చూసుకున్నాను. "కూతురు పెళ్ళికెళ్ళడం తప్పనే మాట నా నోటంట రాదండి" అంది. గట్టిగా అనలేదు. ఏడవలేదు కూడా. ఏడిస్తే వదిలేసేవారేమో.

నేనొక్క మాట అనుంటే ఆగిపోయేది. ఇద్దరు పెద్దలు నా నోటికేసే చూస్తున్నారు. ఆవిడ తప్పు చేసిందని నేను అనుకోలేదు. నిజం చెప్తున్నాను, నేను ఆ తల్లి స్థానంలో ఉంటే నేనూ వెళ్ళేవాణ్ణి. కానీ మాస్టారు మొహం చూసి నోరు పెగల్లేదు. పిరికితనం. దానికి వేరే పేరు పెట్టి మిమ్మల్ని మోసం చెయ్యను.

ఆరు నెలలు బల్లకి దూరంగా ఉంచాలని తీర్మానించేం. ఆరు నెలలు నిండే ముందు ఆ ఇల్లు చూసే పెద్ద, అంటే మాస్టారే, వెళ్ళి ఆవిడతో మాట్లాడాలి. మాట్లాడి వచ్చి సెషన్‌కి చెప్పాలి. అప్పుడు పాస్టరు వేదిక మీంచి "ఫలానా సహోదరిని తిరిగి బల్లకి చేర్చుకున్నాం" అని చదవాలి. చదివేదాకా ఆ మనిషి చెయ్యి చాపకూడదు. అదీ మా పద్ధతి. ఆ ఆదివారం తీర్మానం చదివింది నేనే. పేరు, ఇంటి పేరుతో సహా చదివేను. గొంతు కూడా వణకలేదు.

తర్వాతి నెల సంస్కారం ముందు శనివారం సాయంత్రం సువార్తమ్మ మా గుమ్మంలో ఉంది, చేతిలో తెల్ల గుడ్డ మూట. మా ఆవిడ లోపలికొచ్చి, "ఏంటండీ, ఈవిడ రొట్టె తెచ్చింది. తీసుకోనా, వద్దా?" అంది.

"తీర్మానంలో రొట్టె సంగతి రాయలేదు. తీసుకో."

మా ఆవిడ నాకేసి అలా చూస్తూ నిలబడింది. "మనిషి పనికిరాదు గానీ, ఆవిడ చేసిన రొట్టె పనికొస్తుందన్నమాట" అంది.

 సమాధానం లేనప్పుడు నాకు కోపం వస్తుంది. నీకు తెలీని విషయాల్లో తలదూర్చకు అని కసిరేను. మా ఆవిడ వెళ్ళి మూట తీసుకుంది.

మర్నాడు పళ్ళెం ఆవిడ వరసకి వచ్చింది. ఆవిడ రెండు చేతులా అందుకుంది. ఒక్క క్షణం కూడా ఆపకుండా పక్కావిడకి అందించేసింది. వేదిక మీంచి అంతా చూసేను. ఆ రొట్టె నేను తిన్నాను, మాస్టారు తిన్నారు, సంఘమంతా తింది.

తొమ్మిదేళ్ళు

నాలుగో నెలలో మాస్టారికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. రెండేళ్ళు మంచంలో ఉండి వెళ్ళిపోయేరు. ప్రతి వారం వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసి వచ్చేవాణ్ణి. ఆయన చూసే ఇళ్ళు ఎవరికి అప్పజెప్పాలన్న మాట సెషన్‌లో ఎత్తడానికి మాత్రం మాకు మనసొప్పలేదు. మాస్టారు లేస్తారేమో, ఆయన ఉండగానే ఇంకొకరిని పెడితే బాధపడతారేమో అనుకున్నాం. ఏడాది పైన ఆ ఇళ్ళకి పెద్ద లేడు. తర్వాత ఒకాయన్ని వేసేం గానీ, సువార్తమ్మ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

నేనేం అనుకున్నానో చెప్తాను వినండి. మాస్టారు పడిపోకముందే వెళ్ళి అడిగుంటారనీ, ఈవిడ ససేమిరా అనుంటుందనీ అనుకున్నాను. అనుకుని, దాన్నే నమ్మేసేను. ఆరు నెలలు నిండిన నెలలో ఆవిడ తెల్ల చీర కట్టుకొచ్చింది. ముందు వరసలో కూర్చుంది. అది నేను చూసేను. ఒప్పుకోదు గానీ వేషానికేం తక్కువలేదు అనుకున్నాను. ఆ తర్వాతి నెలా తెల్ల చీరే, ఆ పై నెలా అంతే. నాలుగో నెల నుంచి మామూలు చీర, వెనక చాప.

ఒక ఆదివారం ఒప్పుకోలు మీద ప్రసంగం చేసేను. తలబిరుసుతనం గురించి ఎంత మాట వస్తే అంత మాటా అన్నాను. పేరెత్తలేదు, ఎత్తక్కర్లేదు, తలలన్నీ ఆవిడకేసే తిరిగేయి. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చివరిదాకా వింది. బైటికెళ్ళేటప్పుడు అందరిలాగే నాకు నమస్కారం పెట్టి, "వందనాలండి అయ్యగారూ" అంది. ఛీ, నా బతుకు. ఇప్పుడు తల్చుకుంటే నా మొహం నాకే చూసుకోబుద్ధి కాదు.

ఆవిడ ఒక్క ఆదివారం మానలేదు. గురువారం ఆడవాళ్ళ కూడికకీ వచ్చేది, శుక్రవారం ఇళ్ళల్లో ప్రార్థనలకీ వచ్చేది. మానలేదు కాబట్టి సోమవారం ఆవిడింటికి వెళ్ళాల్సిన పని నాకు పడలేదు. నెలనెలా రొట్టె వచ్చింది. నెలనెలా ఆవిడ పళ్ళెం అందించేసింది. సంఘానికి అది అలవాటైపోయింది. సువార్తమ్మ తీసుకోదంట అనుకునేవారు, ఉపవాసం ఉందన్నట్టు. ఎందుకని అడిగినవాళ్ళు లేరు. పాస్టరుగారు చూసుకుంటున్నారని వాళ్ళనుకున్నారు. ఆవిడే రావాలని నేననుకున్నాను. మా ఆవిడ రెండు మూడుసార్లు అడిగింది. సువార్తమ్మే రావాలి అని తనకీ చెప్పేను.

అలా నేను రిటైరయ్యేను. శాలువా కప్పేరు. సన్మానం రోజు భోజనాలకి గాడిపొయ్యి మీద పులిహోర చేసింది కూడా సువార్తమ్మే.

బండారులంకలో

రిటైరయ్యేక అమలాపురంలో ఇల్లు అద్దెకి తీసుకున్నాం. ఒకరోజు మా ఆవిడ చీర చూస్తానంటే బండారులంక వెళ్ళేం. ఒకింట్లోకి వెళ్తే, మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతున్న అమ్మాయి లేచి నిలబడింది. నుదుట బొట్టు, పక్కన బళ్ళోంచి అప్పుడే వచ్చిన పిల్ల. నేను గుర్తుపట్టలేదు. మా ఆవిడ గుర్తుపట్టి, "కృపా!" అంది.

మంచినీళ్ళిచ్చింది, కుర్చీలేసింది. మా ఆవిడ చీరలు చూస్తోంటే నా దగ్గరకొచ్చి, మెల్లిగా అడిగింది. "అయ్యగారూ, మా అమ్మని ఎప్పుడు క్షమిస్తారండీ?"

"మీ అమ్మ ఒక్క మాట ఒప్పుకునుంటే ఎప్పుడో అయిపోయేదమ్మా. ఆవిడే రాలేదు."

"ఎవరితో ఒప్పుకోవాలండీ?"

"మాస్టారు వచ్చి అడిగేరు కదా."

"మాస్టారెప్పుడూ రాలేదండీ." ఆ పిల్ల గొంతు మారిపోయింది. "మీరు ఆరు నెలలన్నారు. మా అమ్మ గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకుందండీ. ఆరు నెలలూ అవ్వగానే తెల్ల చీర ఉతుక్కుని, ఇస్త్రీ చేయించుకుని వెళ్ళింది. ఇవాళ చదువుతారే అని నాకు ఫోను చేసి చెప్పింది. మీరు చదవలేదు. మర్చిపోయుంటారు, వచ్చే నెల చదువుతారంది. మూడు నెలలు చూసిందండీ. ఇంక సంఘానికి నేను అక్కర్లేదేమోలే అంది."

"మరి వచ్చి నన్ను అడగొచ్చు కదమ్మా?"

"బల్ల దగ్గర నాకు పెట్టండని ఎలా అడుగుతారండీ ఎవరైనా?"

మా ఆవిడ చీర మడతలోంచి తలెత్తింది. అంతా విందని మొహం చూస్తే తెలిసింది. ఏ చీరా తీసుకోకుండా లేచి వచ్చేసేం. ఆటోలో ఇంటిదాకా నాతో మాట్లాడలేదు.

మర్నాడు సునీల్ దగ్గరకెళ్ళి సెషన్ పుస్తకం తీయించేను. అందులో ఉన్నది నా దస్తూరీయే. ఆరు నెలలు అని ఉంది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళ పేజీల్లో సువార్తమ్మ పేరు మళ్ళీ ఎక్కడా లేదు. మాస్టారు వెళ్ళేరనీ లేదు, ఆవిడ కాదందనీ లేదు. చదవాల్సినవాణ్ణి నేను, చదవలేదు.

ఆవిడ అడిగింది

ఆ సోమవారం సువార్తమ్మ ఇంటికి వెళ్ళేను. వెళ్ళేటప్పుడు, మంచాన పడ్డవాళ్ళ కోసం మేము పట్టుకెళ్ళే చిన్న సంస్కారపు పెట్టె, సునీల్ నడిగి తీసుకెళ్ళేను. ఆవిడ బళ్ళోకి వెళ్ళబోతోంది. నన్ను చూసి కంగారుపడి కుర్చీ తుడిచింది.

"అమ్మా, నీ విషయంలో పెద్ద పొరపాటు చేసేను" అన్నాను. మొత్తం చెప్పేను. మాస్టారు రాలేదని నాకు తెలీదనీ, నువ్వే కాదన్నావనుకున్నాననీ, ఆ ప్రసంగం కూడా నిన్ను ఉద్దేశించే చేసేననీ చెప్పేను. చెప్తోంటే కళ్ళనీళ్ళాగలేదు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి వింది.

"ఆ ప్రసంగం నా గురించేనని తెలుసండి" అంది చివరికి.

పెట్టె తెరవబోయేను. "ఇప్పుడే ఇస్తానమ్మా. ఇక్కడే."

"వద్దండి."

"ఎందుకమ్మా?"

"తమరు ఆపింది ఇంట్లో కాదు కదండి. అందరి ముందరా చదివేరు. ఇచ్చేది మాత్రం తలుపేసుకుని ఇస్తారా?" మాటలో కటువు లేదు, ఉన్న సంగతి చెప్పినట్టే ఉంది. "అందరి ముందరే చదవండి. అంతకంటే నాకేం వద్దండి."

సెషన్ ముందుకి వెళ్ళి నిలబడ్డాను. ఒకప్పుడు ఆవిడ నిలబడిన చోటే, ఈసారి నేను. ఒక పెద్ద, "తొమ్మిదేళ్ళ నాటిది ఇప్పుడు తవ్వితే సంఘం పరువేం కాను అయ్యగారూ? మాస్టారు కూడా లేరు పాపం" అన్నాడు. ఇంకొకాయన, ఆవిణ్ణి నిశ్శబ్దంగా తీసుకోమంటే సరిపోద్ది కదా అన్నాడు. మాస్టారి మీద మాట రాకుండా, తప్పు నాదని నా పేరుతోనే చదువుతానన్నాను. సునీల్ నా పక్కన నిలబడ్డాడు. అందుకు ఆ కుర్రాడికి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మొన్న మొదటి ఆదివారం చదివేను. ఆరు నెలల శిక్ష తొమ్మిదేళ్ళు నడిచిందనీ, దానికి కారణం నా అశ్రద్ధ అనీ, ఆవిడ తప్పేమీ లేదనీ, తీర్మానం చేసిన రోజు కూడా లేదనీ చదివేను. చివరి మాట సెషన్ ఒప్పుకున్న కాగితంలో లేదు, నేనే కలిపేను. ఆ రోజు జనం కూడా బాగా వచ్చేరు, విషయం తెలిసి.  సువార్తమ్మ వెనక చాప మీద, మామూలు చీరలోనే ఉంది.

పళ్ళెం ఆవిడ వరసకి వెళ్ళింది. పక్కావిడ ఆగి, పళ్ళెం ఆవిడ చేతుల్లో పెట్టి, కాస్త దగ్గరగా జరిగింది. సంఘమంతా ఆవిడ చేతులకేసే చూస్తోంది. సువార్తమ్మ పళ్ళెం కేసి కాసేపు చూసింది. తర్వాత ఇటు పక్క మనిషికి అందించేసింది.

ఆరాధన అయ్యేక అందరూ వెళ్ళిపోయేదాకా ఆగేను. ఆవిడ చాపలు చుడుతోంది.

"వినపడలేదామ్మా నేను చదివింది?"

"వినపడిందండి. బాగా చదివేరు. మా కృప కూడా విందండి, బైట నిలబడి."

"మరి ఎందుకు తీసుకోలేదు? నా మీద కోపమా?"

"అబ్బే, తమరి మీద కోపమేంటండి. అది ఎప్పుడో పోయిందండి." చాప చుట్టడం ఆపలేదు. "బళ్ళో వండుతాను కదండి. ఒక్కోసారి గ్యాసు అయిపోయో, సరుకు రాకో, రెండు దాటిపోద్ది. అప్పుడు పెడితే పిల్లలు తినరండి. కంచం ముందు కూర్చుంటారు, మెతుకు ముట్టరు. అన్నం బాగోక కాదండి. వేళ దాటిపోతే ఆకలి చచ్చిపోద్దండి అయ్యగారూ."

 ఆవిడ చాపలన్నీ తీసుకెళ్ళి గోడకి ఆనించి, చేతులు దులుపుకుని వచ్చింది.

"ఇవాళ ముక్కలు సరిపోలేదండి, చివర్లో ఇద్దరికి లేకపోయింది. వచ్చే నెలకి పిండి కొంచెం ఎక్కువ తడపమంటారా?" అంది.

తడపమన్నాను.